విండోస్ ఇంట యూనిక్స్ కాపురం

ఇంజనీరింగ్ కాలేజీలో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టిన కుర్రవాడు తన విండోస్ ల్యాప్‌టాప్‌లో కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ ఇన్‌స్టాల్ చేసుకుంటాడు. దాంతోపాటు గిట్ బ్యాష్ అనే నల్లటి కిటికీ కూడా వచ్చి చేరుతుంది. అందులో ‘ఎల్ఎస్’ అని కొడితే ఫైళ్ళ జాబితా వస్తుంది. ‘గ్రెప్’ అంటే ఫైళ్ళలో మాట వెతికిపెడుతుంది. అలవాటైన సి డ్రైవ్ కాస్తా అక్కడ ‘స్లాష్ సి’ అయి కూర్చుంటుంది. ఎల్ఎస్, గ్రెప్ రెండూ 1970లలో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో యూనిక్స్ కోసం పుట్టిన ఆదేశాలు. కింద నడుస్తున్నది మాత్రం అచ్చంగా విండోసే. వర్చువల్ మెషీన్ లేదు, యూనిక్స్ బాటలో పుట్టిన లినక్స్ కర్నెల్ లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే బ్యాష్ కూడా నోట్‌ప్యాడ్ లాగే ఒక మామూలు ఈఎక్స్ఈ ప్రోగ్రామ్‌గా కనిపిస్తుంది.

ఇలా నడిపించడానికి మూడు దశాబ్దాలుగా ప్రోగ్రామర్లు వేరువేరు దారులు తొక్కారు. యూనిక్స్ ప్రోగ్రామ్ తన సొంత వ్యవస్థ నుంచి కొన్ని సదుపాయాలు ఆశిస్తుంది. అవి విండోస్‌లో లేనప్పుడు ఆ లోటు ఎవరో ఒకరు పూడ్చాలి. మధ్యలో ఒక లైబ్రరీ పూడ్చవచ్చు, ప్రోగ్రామే మారవచ్చు, లేదా వ్యవస్థకు గుండెకాయ అయిన కర్నెలే దిగిరావచ్చు. ఏ దారిలో వెళ్ళినా ఆ భారం ఒకరి నెత్తి మీంచి మరొకరి నెత్తికి మారుతుందే తప్ప మాయం కాదు.

ఒకే ప్రాసెసర్ మీద రెండు లోకాలు

లినక్స్ నడిచేదీ విండోస్ నడిచేదీ ఒకే ఇంటెల్ ప్రాసెసర్ మీద అయినప్పుడు, లినక్స్ ప్రోగ్రామ్‌ను తెచ్చి విండోస్‌లో డబుల్ క్లిక్ చేస్తే ఎందుకు నడవదు? రెండంకెలు కూడే సూచన రెంటిలోనూ ఒకటే కదా?

కూడికలకు ఇబ్బంది లేదు. చిక్కు మరో మూడు చోట్ల ఉంది. మొదటిది ఫైలు అమరిక. లినక్స్ ప్రోగ్రామ్ ఈఎల్ఎఫ్ అనే పద్ధతిలో, విండోస్ ప్రోగ్రామ్ పీఈ అనే పద్ధతిలో పేర్చి ఉంటాయి. రెండోది కర్నెల్‌ను అడిగే తీరు. ఏ ప్రోగ్రామూ డిస్క్‌ను గానీ తెరను గానీ తానుగా ముట్టుకోలేదు. కర్నెల్‌ను అడగాలి, దానికి సిస్టమ్ కాల్ అని పేరు. 64 బిట్ల ఇంటెల్ లినక్స్‌లో ‘రాయి’ అనే కోరిక సంఖ్య 1, అది మారదు. విండోస్‌లో ఇలాంటి సంఖ్యలు వెర్షన్ వెర్షన్‌కూ మారిపోతుంటాయి. అందుకే అక్కడి ప్రోగ్రామ్‌లు నేరుగా కర్నెల్ దగ్గరికి పోకుండా, విండోస్‌తో వచ్చే డీఎల్ఎల్ అనే లైబ్రరీల ద్వారానే అడుగుతాయి. మూడోది చుట్టూ ఉండాల్సిన లైబ్రరీలు.

కంపైల్ అయిపోయిన ప్రోగ్రామ్ ఇలా గడప దాటలేకపోయినా, దాని సోర్స్ కోడ్‌కు ఆ బంధనం లేదు. 1973లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ యూనిక్స్‌ను సి భాషలో తిరగరాశారు. అప్పటి నుంచీ ఒక యంత్రం కోసం రాసింది మరో యంత్రం మీద మళ్ళీ కంపైల్ చేసుకోవడం యూనిక్స్ లోకంలో మామూలు పనైంది. 1988లో వచ్చిన పోసిక్స్ ప్రమాణం, ఏ యూనిక్స్‌లోనైనా తప్పక ఉండాల్సిన ఫంక్షన్ల జాబితాను ఖరారు చేసింది. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన జీఎన్‌యూ ప్రాజెక్టు వల్ల కంపైలర్, ఆదేశాలు అందుకునే షెల్, చిన్నాపెద్దా పనిముట్లు అన్నీ సోర్స్‌తో సహా అందరికీ దక్కాయి. సోర్స్ చేతిలో ఉంటే అనుమతి కోసం ఎవరి గుమ్మమూ తొక్కనక్కర్లేదు. పరాయి వ్యవస్థ మీద కంపైల్ చేసి చూడవచ్చు.

చూసినవాళ్ళకు మొదట తగిలిన రాయి పేరు ఫోర్క్.

ఫోర్క్ అనే చిక్కుముడి

యూనిక్స్‌లో కొత్త ప్రాసెస్ పుట్టే పద్ధతి విచిత్రంగా ఉంటుంది. ఒక ప్రోగ్రామ్ ‘ఫోర్క్’ అని పిలవగానే అది రెండవుతుంది. రెంటికీ అదే కోడ్, అవే విలువలు, తెరిచి ఉన్న అవే ఫైళ్ళు. తల్లి ప్రాసెస్‌కు బిడ్డ సంఖ్య జవాబుగా వస్తుంది, బిడ్డకు సున్నా వస్తుంది. ఎవరు తల్లో ఎవరు బిడ్డో ఆ జవాబును బట్టే తేలుతుంది. తరవాత బిడ్డ ‘ఎగ్జెక్’ అని పిలిచి తన ఒంట్లో మరో ప్రోగ్రామ్‌ను నింపుకుంటుంది.

ఒక్క పనికి ఈ రెండు మెట్లు ఎందుకంటే, మధ్యలో దొరికే ఆ కాస్త వ్యవధి కోసం. ‘ఎల్ఎస్’ ఫలితాన్ని తెర మీద కాకుండా ఫైలులోకి పంపమని మీరు షెల్‌ను అడిగారనుకోండి. షెల్ ఫోర్క్ అవుతుంది. బిడ్డ తన అవుట్‌పుట్‌ను ఫైలు వైపు తిప్పుకొని, ఆ తరవాతే ఎల్ఎస్‌గా మారుతుంది. ఎల్ఎస్‌కు ఈ సంగతేమీ తెలియదు, తెలియనక్కర్లేదు. యూనిక్స్ పైపులూ దారిమళ్ళింపులూ అన్నీ ఈ ఏర్పాటు మీదే నిలబడ్డాయి.

రెండో ప్రతి తీయడం ఖరీదైన పనిలా కనిపిస్తుంది గానీ, నేటి యూనిక్స్‌లు నిజంగా ప్రతి తీయవు. తల్లీ బిడ్డా ఒకే మెమరీ పేజీలను పంచుకుంటాయి. ఎవరైనా ఒక పేజీలో రాయబోతే, అప్పుడు ఆ ఒక్క పేజీకే ప్రతి తయారవుతుంది. అందుకే ఫోర్క్ అంత చవక.

విండోస్ దారి వేరు. అక్కడి ప్రోగ్రామ్‌లు వాడే విన్32 ఫంక్షన్లలో ‘క్రియేట్‌ప్రాసెస్’ అనేది ఉంది. ఏ ప్రోగ్రామ్ కావాలి, ఏ హక్కులతో కావాలి, ఏ ఫోల్డర్లో మొదలవ్వాలి లాంటి పది వివరాలు ఒకేసారి అందుకొని అది సరికొత్త ప్రాసెస్‌ను ఖాళీగా మొదలుపెడుతుంది. తనలాంటి ఇంకొకరిని పుట్టించుకునే వీలు అందులో లేదు. తమాషా ఏమిటంటే విండోస్ ఎన్‌టీ కర్నెల్‌కు లోపల్లోపల ఆ విద్య వచ్చు. దాని మీద ఉన్న విన్32 పొర మాత్రం దాన్ని బయటివాళ్ళకు అందనివ్వలేదు.

సిగ్విన్: లైబ్రరీ నెత్తిన భారం

1995లో సిగ్నస్ సొల్యూషన్స్ అనే అమెరికన్ కంపెనీలో స్టీవ్ చాంబర్లేన్ ఈ పని తలకెత్తుకున్నాడు. జీఎన్‌యూ కంపైలర్‌కు మద్దతు అమ్ముకుని బతికే కంపెనీ అది. విండోస్ ఎన్‌టీ వాడే ఆబ్జెక్ట్ ఫైలు అమరిక, జీఎన్‌యూ పనిముట్లకు అప్పటికే తెలిసిన కాఫ్ అమరికకు దగ్గరిదని అతను గమనించాడు. కంపైలర్‌ను ఆ వైపు మళ్ళించవచ్చు. అయితే కంపైలర్‌ను కట్టే స్క్రిప్టులన్నీ యూనిక్స్ షెల్ మీద ఆధారపడినవి, షెల్‌కు ఫోర్క్ కావాలి. పోసిక్స్ ఫంక్షన్లను విండోస్ మీద అభినయించే ఒక లైబ్రరీ అలా పుట్టింది. అదే సిగ్విన్. 1999లో సిగ్నస్‌ను రెడ్ హ్యాట్ కొనేసింది. సిగ్విన్ నేటికీ సజీవంగా ఉంది.

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో మద్రాసు దుబాసీలు తెల్లదొరలకూ ఇక్కడి వర్తకులకూ నడుమ నిలబడి బేరాలు నడిపినట్టు, సిగ్విన్ డీఎల్ఎల్ ప్రతి ప్రోగ్రామ్‌కూ విండోస్‌కూ మధ్య నిలబడుతుంది. ప్రోగ్రామ్ పోసిక్స్‌లో అడుగుతుంది. డీఎల్ఎల్ దాన్ని విన్32లోకి మార్చి పని చేయించుకొస్తుంది. ప్రోగ్రామ్ సోర్స్‌లో మార్పులు అంతంతమాత్రం.

ఫోర్క్ దగ్గర మాత్రం ఈ మధ్యవర్తికి చెమటలు పడతాయి. సిగ్విన్ ముందు క్రియేట్‌ప్రాసెస్‌తో అదే ప్రోగ్రామ్‌ను ఇంకొకటి మొదలుపెట్టి, మొదలవ్వకుండానే ఆపి ఉంచుతుంది. ఆ పైన తల్లి డేటా, హీప్, స్టాక్ అన్నీ బిడ్డలోకి నకలు చేస్తుంది. చివరికి బిడ్డను తల్లి ఆగిన సరిగ్గా అదే బిందువు నుంచి నడవమని వదిలిపెడుతుంది. పేజీలు పంచుకునే సదుపాయం ఇక్కడ లేదు కాబట్టి నకలు మొత్తం నిజంగా జరగాల్సిందే. పైగా బిడ్డలో ప్రతి డీఎల్ఎల్ తల్లిలో ఉన్న చిరునామాలోనే దిగాలి. ఒక్కటి పక్కకు జరిగినా పాత పాయింటర్లు ఎక్కడెక్కడికో చూపిస్తాయి. భద్రత కోసం విండోస్ డీఎల్ఎల్‌ల చిరునామాలను కలగాపులగం చేస్తుంది కనక ఈ గొడవ తరచూ వచ్చేది. చిరునామాలు ఇరుకుగా ఉండే 32 బిట్ల రోజుల్లో మరీనూ. డీఎల్ఎల్‌లకు తలా ఒక స్థిరమైన చోటు కేటాయించడానికి ‘రీబేస్’ అని ఒక పనిముట్టే తయారు చేయాల్సి వచ్చింది.

ఈ నకలు ఖర్చు కాన్ఫిగర్ స్క్రిప్టు నడిపినప్పుడు బయటపడుతుంది. యూనిక్స్ సాఫ్ట్‌వేర్‌ను కట్టేముందు ఆ స్క్రిప్టు చిన్నచిన్న పరీక్షలు చేసుకుంటూ పోతుంది. ప్రతి పరీక్షకూ కొన్ని ప్రాసెస్‌లు పుట్టి చనిపోతాయి. లినక్స్‌లో ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో తెలియని స్క్రిప్టు సిగ్విన్‌లో నత్తనడక నడుస్తుంది. ప్రోగ్రామ్ రాసినవాడు సుఖంగానే ఉన్నాడు, నిరీక్షణ వాడుకరి వంతైంది.

మిన్‌జీడబ్ల్యూ: ప్రోగ్రామే మారాలి

1998లో కోలిన్ పీటర్స్ మొదలుపెట్టిన మిన్‌జీడబ్ల్యూ దీనికి ఎదురు దారి. కంపైలర్ జీఎన్‌యూదే. మధ్యవర్తి లైబ్రరీ మాత్రం ఉండదు. తయారైన ప్రోగ్రామ్ విండోస్ డీఎల్ఎల్‌లనే నేరుగా పిలుస్తుంది. అందులో ఫోర్క్ లేదు. కావాలంటే ప్రోగ్రామర్ ఆ చోటు వెతికి, క్రియేట్‌ప్రాసెస్‌కు తగ్గట్టు తిరగరాసుకోవాలి. శ్రమంతా పోర్ట్ చేసేవాడిది. ఫలితంగా వచ్చే ప్రోగ్రామ్ మాత్రం ఏ విండోస్ ప్రోగ్రామ్‌కూ తీసిపోని వేగంతో నడుస్తుంది.

ఇలా మార్చేటప్పుడు పెద్ద ఫంక్షన్ల కంటే సోర్స్‌లో ఎక్కడా రాసి ఉండని చిన్న నమ్మకాలే ఎక్కువ ఏడిపిస్తాయి. సి భాషలోని ‘లాంగ్’ అనే సంఖ్యారకం ఒక ఉదాహరణ. 64 బిట్ల లినక్స్‌లో దాని వెడల్పు 64 బిట్లు. 64 బిట్ల విండోస్‌లో మాత్రం 32 బిట్లే. గిట్ తన ఫైళ్ళ పరిమాణాలను ఈ రకం సంఖ్యల్లోనే దాచేది. దాంతో లినక్స్‌లో నిక్షేపంగా పనిచేసే కోడ్, విండోస్‌లో 4 జీబీ దాటిన ఫైలు దగ్గర బోర్లా పడేది.

తెరిచి ఉన్న ఫైలును యూనిక్స్‌లో తొలగించవచ్చు. పేరు పోతుంది, తెరిచినవాడు మూసేదాకా ఫైలు ఉంటుంది. తాత్కాలిక ఫైళ్ళు వాడే ప్రోగ్రామ్‌లు ఎన్నో ఈ వెసులుబాటు మీద బతుకుతాయి. విండోస్‌లో తెరిచినవాడు ముందే ఒప్పుకుని ఉంటే తప్ప తొలగించడం కుదరదు. యూనిక్స్‌లో పెద్దక్షరాల పేరూ చిన్నక్షరాల పేరూ వేరువేరు ఫైళ్ళు, విండోస్‌లో మామూలుగా రెండూ ఒకటే. లినక్స్ కర్నెల్ సోర్స్‌లో అక్షరాల సైజులో తప్ప తేడా లేని ఫైళ్ళ జంటలు ఉన్నాయి. అందుకే దాన్ని విండోస్ డిస్క్ మీద దించితే జంటలో ఒకటి రెండోదాన్ని తుడిచేస్తుంది. డాస్ కాలంలో పరికరాలకు కేటాయించిన సీఓఎన్, ఏయూఎక్స్, ఎన్‌యూఎల్ లాంటి పేర్లు ఫైళ్ళకు పెట్టడానికి విండోస్ చాలాకాలం అసలు ఒప్పుకోలేదు. అదే కర్నెల్ సోర్స్‌లో ‘ఏయూఎక్స్.సి’ అనే ఫైలు కూడా ఉంది!

పంక్తి ఎక్కడ ముగుస్తుందన్న చోట కూడా ఏకాభిప్రాయం లేదు. యూనిక్స్ 10 అనే ఒక్క బైటు పెడుతుంది. విండోస్ దాని ముందు 13 అనే బైటును కూడా చేరుస్తుంది. విండోస్ ఎడిటర్‌లో భద్రపరచిన షెల్ స్క్రిప్టును యూనిక్స్ షెల్‌కు ఇస్తే, కంటికి కనిపించని ఆ 13ను ఆదేశంలో భాగమనుకొని, అలాంటి ప్రోగ్రామ్ లేదు పొమ్మంటుంది.

‘అమ్మ’ అనే పేరున్న ఫైలు

తెలుగువాళ్ళకు నేరుగా తగిలిన చిక్కు కూడా ఇందులో ఒకటుంది. ఒక ఫైలుకు ‘అమ్మ’ అని పేరు పెట్టామనుకోండి. యూనికోడ్ లెక్కలో అందులో ఉన్నవి నాలుగు సంకేతాలు: అ, మ, పొల్లు, మళ్ళీ మ. యూనిక్స్ కర్నెల్‌కు ఫైలు పేరంటే ఒక బైట్ల వరస మాత్రమే. యూటీఎఫ్-8లో అది 12 బైట్లు అవుతుంది. విండోస్ అదే పేరును యూటీఎఫ్-16లో 8 బైట్లుగా దాచుకుంటుంది.

యూనిక్స్ నుంచి వచ్చిన ప్రోగ్రామ్ ఫైలు తెరవడానికి సి భాషలోని మామూలు ఫంక్షన్‌నే పిలుస్తుంది. విండోస్‌లో ఆ ఫంక్షన్ ఫైలు పేరును ‘కోడ్ పేజీ’ అనే పాత పట్టికలో చూసి అర్థం చేసుకునేది. పశ్చిమ యూరప్ భాషలకు ఒక పట్టిక, రష్యన్‌కు ఒకటి, జపనీస్‌కు ఒకటి ఉన్నాయి. తెలుగుకు విండోస్ అలా వాడే పట్టిక ఏనాడూ లేదు. మన లిపి విండోస్‌లోకి యూనికోడ్‌తోనే అడుగుపెట్టింది. దాంతో తెలుగు అక్షరాలు వరసగా ప్రశ్నార్థకాలైపోయేవి. ఫైలు పేరులో ప్రశ్నార్థకాన్ని విండోస్ ఒప్పుకోదు కాబట్టి ఫైలు తెరుచుకునేదే కాదు. 2009 డిసెంబర్‌లో వచ్చిన సిగ్విన్ 1.7 పేర్లను యూటీఎఫ్-8గా చూడడం మొదలుపెట్టింది. మిన్‌జీడబ్ల్యూ దారిలో వచ్చిన ప్రోగ్రామ్‌లు ఒక్కొక్కటే తమ కోడ్‌ను యూటీఎఫ్-16 ఫంక్షన్ల వైపు మార్చుకున్నాయి. 2019లో విండోస్ 10 కొత్త వెర్షన్, ఒక ప్రోగ్రామ్ కోరితే దాని కోడ్ పేజీని యూటీఎఫ్-8గా ఉంచే ఏర్పాటు చేసింది. ఇన్నేళ్ళ తరవాత ఇక్కడ విండోసే ఒక మెట్టు దిగింది.

కిటికీలూ బొమ్మలూ

నల్ల తెర మీద నడిచే ప్రోగ్రామ్‌ల గొడవ ఇది. మౌస్‌తో వాడే వాటికి ఇంకో అడ్డంకి ఉంది. యూనిక్స్‌లో సంప్రదాయంగా తెర మీద గీసే బాధ్యత ఎక్స్ విండో వ్యవస్థది, విండోస్‌లో దాని సొంత గ్రాఫిక్స్‌ది. ఇక్కడ తొలినాటి నిర్ణయాలే ప్రోగ్రామ్ భవిష్యత్తును తేల్చాయి. బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ రాసిన గింప్ అనే చిత్రాల ఎడిటర్‌నే తీసుకోండి. దానికోసం వాళ్ళు జీటీకే అనే బటన్లూ మెనూల లైబ్రరీని కూడా రాశారు. అందులో ఎక్స్‌తో మాట్లాడే కోడ్ అంతా జీడీకే అనే అడుగు పొరలో విడిగా ఉంది. 1990ల చివర్లో ఫిన్లండ్ ప్రోగ్రామర్ టోర్ లిల్‌క్విస్ట్ ఆ పొరకు విండోస్ రూపం రాశాడు. పైనున్న గింప్ విండోస్‌కు వచ్చేసింది.

కేడీఈ అనే యూనిక్స్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌లకు అడ్డుపడింది లైసెన్సు. అవి ఆధారపడే క్యూటీ లైబ్రరీ లినక్స్‌లో జీపీఎల్ అనే స్వేచ్ఛా లైసెన్సు కింద దొరికేది, విండోస్ రూపం మాత్రం అలా దొరకలేదు. 2005లో క్యూటీ 4తో ఆ తలుపు తెరుచుకుంది. నేడు క్రిటా, ఓక్యులర్, కేట్ లాంటి కేడీఈ ప్రోగ్రామ్‌లు మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే దొరుకుతున్నాయి.

ఈ వలసలో తెలుగుకు లాభమూ జరిగింది. ‘స్త్రీ’ అని రాసినప్పుడు వత్తులు ఎక్కడెక్కడ కూర్చోవాలో తేల్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ, జీటీకే ప్రోగ్రామ్‌లతో పాటు లిబ్రాఫీస్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ క్రోమ్‌లోనూ ఉంది. కింద ఏ వ్యవస్థ ఉన్నా అక్షరాలు ఒకేలా కుదురుతాయి.

కర్నెలే దిగివస్తే

1993 జూలైలో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1లోనే పోసిక్స్ ఉపవ్యవస్థ ఒకటి ఉంది. అమెరికా ప్రభుత్వం కొనే కంప్యూటర్లకు పోసిక్స్ ఉండాలన్న నిబంధన వల్ల వచ్చిందది. అందులో ఫోర్క్ ఉంది. షెల్ లేదు, పనిముట్లు లేవు, నెట్‌వర్క్ లేదు, కిటికీలు లేవు. టెండరు పత్రంలో టిక్కు పెట్టడానికి సరిపోయింది, పని చేసుకోవడానికి సరిపోలేదు. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటరిక్స్ అనే మెరుగైన ఉపవ్యవస్థను కొని కొన్నేళ్ళు నడిపింది. విండోస్ 8.1 నాటికి అదీ కనుమరుగైంది.

2016లో విండోస్ 10తో వచ్చిన డబ్ల్యూఎస్ఎల్ అనే ఉపవ్యవస్థ మరింత పెద్ద సాహసం చేసింది. ఇక్కడ మళ్ళీ కంపైల్ చేసే పనే లేదు. ఉబుంటు లినక్స్ కోసం తయారైన ఈఎల్ఎఫ్ ప్రోగ్రామ్ ఒక్క బైటూ మారకుండా నడుస్తుంది. అది లినక్స్ సిస్టమ్ కాల్ చేయగానే విండోస్ కర్నెల్‌లోని ఒక డ్రైవర్ పట్టుకుని సమాధానం చెబుతుంది. లినక్స్ కర్నెల్ కోడ్ అందులో లేదు. ఎన్‌టీ కర్నెల్‌లో మరుగునపడి ఉన్న ఆ ప్రాసెస్ నకలు విద్యకు కూడా ఇక్కడ పని దొరికింది.

దెబ్బ ఫైళ్ళ దగ్గర తగిలింది. లినక్స్‌లో ఒక ఫైలు సైజెంతో తేదీ ఏమిటో తెలుసుకోవడానికి దాన్ని తెరవక్కర్లేదు. విండోస్‌లో తెరవాలి, అడగాలి, మూయాలి. తెరిచే దారిలో యాంటీవైరస్ లాంటి వడపోతలు కాపు కాస్తుంటాయి. వేలాది చిన్న ఫైళ్ళను తడుముకునే గిట్, ఎన్‌పీఎం లాంటి పనిముట్లు అక్కడ కుంటినడక నడిచాయి. పైగా లినక్స్ కర్నెల్ లోతుల్లోని సదుపాయాలు కోరే డాకర్ అనే పనిముట్టు అసలు నడవలేదు. వందలాది సిస్టమ్ కాల్స్‌ను అచ్చం లినక్స్‌లా అభినయించడం, లినక్స్ మారినప్పుడల్లా వెంట పరిగెత్తడం తెమిలే పని కాదు.

అందుకే 2019లో ప్రకటించిన డబ్ల్యూఎస్ఎల్ 2 అభినయం మానేసి అసలు లినక్స్ కర్నెల్‌నే తెచ్చి ఒక తేలికైన వర్చువల్ మెషీన్‌లో కూర్చోబెట్టింది. అన్నీ నడుస్తాయి, డాకర్ కూడా. ఖర్చు వేరేచోట పడింది. ఈ మెషీన్ మామూలు అమరికలో కంప్యూటర్ మెమరీలో సగం దాకా వాడుకోగలదు. లినక్స్ డిస్క్ మీది ఫైళ్ళు చకచకా కదులుతాయి గానీ, సి డ్రైవ్ మీదున్న ఫైళ్ళను లోపలి నుంచి ముట్టుకోవాలంటే ఒక నెట్‌వర్క్ తరహా సంభాషణ నడవాలి, అది నెమ్మది. సౌకర్యం గొప్పదే. కానీ ఇది విండోస్ మీద నడుస్తున్న యూనిక్స్ ప్రోగ్రామ్ కాదు. పక్కపక్కనే నడుస్తున్న రెండు వ్యవస్థలు.

ఎవరికి ఏది

యాపిల్ మ్యాక్‌లో ఈ కథ చాలా చిన్నది. 2001 మార్చిలో వచ్చిన మ్యాక్ ఓఎస్ టెన్ లోపలే బీఎస్‌డీ యూనిక్స్ ఉంది కనక ఫోర్క్ పుట్టుకతోనే వచ్చింది. ఫింక్, మ్యాక్‌పోర్ట్స్, హోమ్‌బ్రూ లాంటివి సోర్స్ తెచ్చి కట్టి అమర్చే పని చూసుకుంటే సరిపోయింది. విండోస్ వాడేవారు మాత్రం తమ అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. సర్వర్ మీద నడిచేదాన్ని ఉన్నదున్నట్టు ఇంట్లో పరీక్షించుకోవాలంటే డబ్ల్యూఎస్ఎల్ 2 చాలు. విండోస్ ఫైళ్ళ మీదే యూనిక్స్ స్క్రిప్టులు నడపాలంటే సిగ్విన్, లేదా దాని నుంచే చీలి వచ్చిన ఎమ్‌సిస్ 2 బాగుంటాయి. గిట్ బ్యాష్ ఆ ఎమ్‌సిస్ 2 మీదే నిలబడి ఉంది. వ్యవస్థల పేర్లే తెలియని మామూలు మనిషి చేతిలో పెట్టాల్సిన ప్రోగ్రామ్ అయితే, కష్టమైనా సరే మిన్‌జీడబ్ల్యూ లాంటి నేరు దారే పట్టాలి. గింప్ వాడే ఫొటో స్టూడియో యజమానికి అది యూనిక్స్ బిడ్డ అని తెలియాల్సిన పని లేదు.

వర్చువల్ మెషీన్ ఇంత సులువైపోయాక ఈ నేరు పోర్టింగ్ శ్రమ దేనికని అడిగేవారున్నారు. గిట్ చరిత్రలో ఒక జవాబు దొరుకుతుంది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టాక చాలాకాలం దానిలోని ఎన్నో ఆదేశాలు షెల్ స్క్రిప్టులుగానే ఉండేవి. ఒక్కో ఆదేశం వెనక డజన్ల కొద్దీ ప్రాసెస్‌లు పుట్టేవి. లినక్స్‌లో ఫోర్క్ చవక కాబట్టి ఎవరికీ నొప్పి తెలియలేదు. విండోస్‌లో ఆ ఆదేశాలు భరించలేనంత నెమ్మదించడంతో, గిట్‌కే చెందిన మరో ‘రీబేస్’ లాంటి వాటిని ఒక్కొక్కటిగా సి భాషలో తిరగరాశారు. ఆ మార్పుతో అవి లినక్స్‌లో కూడా వేగం పుంజుకున్నాయి. ఒకే వ్యవస్థలో పెరిగిన ప్రోగ్రామ్‌కు తాను ఏ సదుపాయం మీద ఎంత ఆనుకుని ఉందో తెలియదు. పరాయి వ్యవస్థ మీద నడపబోయినప్పుడే ఆ లెక్క తేలుతుంది. సోర్స్ అందరి చేతిలో ఉంది కాబట్టి, విండోస్ కోసం చేసిన ఆ మరమ్మతు లినక్స్ వాడుకరులకూ దక్కింది.